ట్రఫ్ కలెక్టర్ మోడల్‌లో 400 డిగ్రీల వద్ద ఉష్ణ నష్టం తక్కువగా వస్తోంది, కారణం ఏమిటి?

ప్రశ్న:
పారాబోలిక్ ట్రఫ్ కలెక్టర్ (పొడవైన వంపు అద్దాలతో ఎండను ఒక గొట్టంపై కేంద్రీకరించే పరికరం) రిసీవర్‌కు, అంటే ఆ గొట్టానికి, ఏకమితీయ ఉష్ణ మోడల్ తయారుచేస్తున్నాను. శోషక గొట్టం బయటి వ్యాసం 70 మిల్లీమీటర్లు, గాజు తొడుగుది 125, రెండింటి మధ్య శూన్యం. గొట్టంపై కోటింగ్ ఉద్గారతను (అదే ఉష్ణోగ్రత వద్ద ఆదర్శ నల్లని వస్తువుతో పోలిస్తే అది వెలువరించే వికిరణ నిష్పత్తి) 0.09గా స్థిరంగా తీసుకున్నాను. గొట్టాన్ని లోపలి నుంచి హీటర్‌తో వేడిచేసి, ఎండ లేకుండా చేసిన పరీక్షల ఫలితాలతో పోల్చితే, 350 డిగ్రీల సెల్సియస్ వద్ద నా లెక్క కొలతకు దగ్గరగానే ఉంది (మీటరుకు సుమారు 150 వాట్లు). 400 వద్ద కొలత 250 దాకా ఉండగా నాకు 210 మాత్రమే వస్తోంది. గొట్టం గోడ నుంచి లోపలి ద్రవానికి వేడి చేరే సంవహనాన్ని లెక్కించడానికి డిట్టస్-బోల్టర్ సూత్రం బదులు గ్నీలిన్‌స్కీ సూత్రం వాడి చూసినా తేడా రాలేదు.

సమాధానం 1:
తేడా రాకపోవడం సహజమే, గోడ ఉష్ణోగ్రతనే నేరుగా కొలిచే ఈ పరీక్షల్లో ద్రవం వైపు సంవహనానికి పాత్ర లేదు. శూన్యం బాగున్నప్పుడు గొట్టం నుంచి గాజుకు వెళ్లే వేడి దాదాపు అంతా వికిరణమే కాబట్టి, నష్టం కెల్విన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని అనుసరిస్తుంది. 623 నుంచి 673 కెల్విన్‌కు వెళ్తే, గాజు ఉష్ణోగ్రతను లెక్కలోకి తీసుకున్నా, నష్టం సుమారు 1.38 రెట్లే పెరగాలి. మీ కొలతల్లో 1.67 రెట్లు పెరిగింది. అంటే ఏ స్థిర ఉద్గారతా ఈ రెండు బిందువులనూ కలపలేదు. 400 వద్ద అది 0.105 దరిదాపుల్లో ఉండాలి. ఇలాంటి గొట్టాలపై వేసే సెలెక్టివ్ కోటింగ్ తక్కువ తరంగదైర్ఘ్యాల వద్ద ఎక్కువగా శోషించి, ఎక్కువ తరంగదైర్ఘ్యాల వద్ద ఎక్కువగా పరావర్తనం చేస్తుంది. గొట్టం వేడెక్కేకొద్దీ దాని వికిరణ శిఖరం 4.65 నుంచి 4.3 మైక్రోమీటర్లకు జరిగి, వికిరణంలో ఇంకొంచెం ఎక్కువ భాగం ఆ శోషక ప్రాంతంలో పడుతుంది. కాబట్టి ఉద్గారతను ఉష్ణోగ్రతకు ప్రమేయంగా రాయండి.

సమాధానం 2:
పై విశ్లేషణతో ఏకీభవిస్తూ ఒక హెచ్చరిక చేర్చుతున్నాను. ఈ సవరణ కొత్త గొట్టానికే వర్తిస్తుంది. ప్లాంటులో ఏళ్ల తరబడి పనిచేసిన రిసీవర్లలో, గొట్టంలో వేడిని మోసుకెళ్తూ 400 డిగ్రీల దగ్గర నెమ్మదిగా విఘటనం చెందే నూనె నుంచి వెలువడే హైడ్రోజన్ ఉక్కు గోడగుండా శూన్యంలోకి చేరి నష్టాన్ని కొన్ని రెట్లు పెంచగలదు. గాజు ఉష్ణోగ్రతను కూడా పోల్చి చూడండి; మోడల్ చెప్పినదానికంటే గాజు చాలా వేడిగా ఉంటే ముందు అనుమానించవలసింది శూన్యాన్నే.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలు. ఉద్గారతను ఉష్ణోగ్రతతో మార్చగానే రెండు బిందువులూ కలిశాయి. అయితే ఎండలో కలెక్టర్ సామర్థ్యంతో పోల్చినప్పుడు పాత మోడల్ కూడా సరిగానే కనిపించింది. అది ఎలా సాధ్యం?

సమాధానం 1:
వెడల్పు 5 మీటర్లు, ఎండ చదరపు మీటరుకు 900 వాట్లు అనుకుంటే, మీటరు పొడవుపై 4,500 వాట్లు పడతాయి. మీ పాత మోడల్ తక్కువగా లెక్కించిన 40 వాట్లు (250కి బదులు 210) అందులో ఒక శాతం కూడా కాదు, అద్దాల పరావర్తనంలో ఒక శాతం పొరపాటు దాన్ని పూర్తిగా దాచేస్తుంది. అందుకే కాంతి సంబంధమైన గుణకాలను సర్దకముందే ఎండ లేని పరీక్షలతో నష్టాన్ని విడిగా నిర్ధారించుకోవాలి. ఎల్ఎస్-2 అనే ట్రఫ్ కలెక్టర్‌పై అమెరికాలోని శాండియా ప్రయోగశాల 1994లో ప్రచురించిన కొలతల్లో ఎండ ఉన్నవీ లేనివీ రెండూ ఉన్నాయి, వాటితో మొదలుపెట్టండి.