బీసీ-191లో న్యూట్రలైజింగ్ కుదరడం లేదు, కానీ ఒక్క ట్యూనింగ్ యూనిట్‌తోనే

1930ల నాటి అమెరికా సైన్యపు బీసీ-191 ట్రాన్స్‌మిటర్‌ను బాగుచేస్తున్నాను. ఆసిలేటర్, పవర్ యాంప్లిఫయర్ రెండింటికీ వీటీ-4-సీ (211) వాల్వులే. పౌనఃపున్యాన్ని స్థిరంగా పట్టి ఉంచే క్రిస్టల్ లేదు కనుక న్యూట్రలైజింగ్ (యాంప్లిఫయర్ వాల్వు లోపలి కెపాసిటెన్సు ద్వారా దాటిపోయే సిగ్నల్‌ను రద్దుచేయడం) సరిగా లేకపోతే స్వరం నిలవదు.

3000–4500 కిలోహెర్ట్జ్ టీయూ-6-బీ యూనిట్ (బ్యాండును బట్టి మార్చి పెట్టే ట్యూనింగ్ పెట్టె) పెట్టి 3700 వద్ద డమ్మీ లోడ్‌లోకి (యాంటెన్నాకు బదులు పెట్టే నిరోధకం) పంపుతున్నాను. కీ నొక్కగానే స్వరం జారుతుంది. యాంప్లిఫయర్ ట్యూనింగ్ తిప్పితే ఆసిలేటర్ దాదాపు 2 కిలోహెర్ట్జ్ కదులుతుంది. ప్లేటు కరెంటు కనిష్ఠం ఒకచోట, యాంటెన్నా కరెంటు గరిష్ఠం మరోచోట వస్తున్నాయి.

సాకెట్ వద్ద ఫిలమెంటు 10 వోల్టులు సరిగ్గా ఉంది. ప్లేటు 1000 వోల్టులు, కీ నొక్కితే 940. రెండు వాల్వులూ మార్చి చూశాను, యూనిట్ వెనుక పిన్నులు శుభ్రం చేశాను. యాంప్లిఫయర్ ప్లేటు సరఫరా తీసేసి (దయచేసి ఎవరూ సరఫరా ఉండగా లోపల చేయి పెట్టకండి, 1000 వోల్టులు ప్రాణం తీస్తాయి) దాని ట్యాంకులోకి (ట్యూన్ చేసే కాయిల్-కెపాసిటర్ వలయం) వచ్చే ఆర్‌ఎఫ్ (రేడియో పౌనఃపున్య సిగ్నల్) కొలిచాను. న్యూట్రలైజింగ్ కెపాసిటర్‌ను చివరిదాకా తిప్పినా అది తగ్గుతూనే ఉంది, కనిష్ఠం రాదు. పలకలు పూర్తిగా కలిసిపోయి ఉంటాయి, ఇంకా కొంచెం కావాలన్నట్టు.

అసలు ఆధారం ఇదే: అవే వాల్వులతో మరో బ్యాండు యూనిట్ టీయూ-5-బీ పెడితే కనిష్ఠం మధ్యలోనే చక్కగా దొరుకుతుంది. కాబట్టి లోపం టీయూ-6-బీ లోపలే ఉందని నా నమ్మకం. అసలు భాగాలను అనవసరంగా కదిలించడం నాకు ఇష్టం లేదు.

ఈ యూనిట్‌ను విప్పినవారు చెప్పండి: న్యూట్రలైజింగ్ కెపాసిటర్ చాలకపోవడానికి ముందుగా కాయిల్ ట్యాపును (కాయిల్ మధ్యలోంచి తీసిన కనెక్షన్) అనుమానించాలా, మైకా కెపాసిటర్‌నా?