ఈ ఆదివారం సమస్య: పేరు మార్చుకొనియెఁ బెండ్లికొడుకు

కొమ్ముబొమ్మ (నిర్వాహకుడు): అందరికీ నమస్కారం. మొన్న మా పర్లాకిమిడిలో (ఒడిశా) ఒక పెళ్ళికి వెళ్ళాను. మండపం బయట థర్మోకోల్ బోర్డు మీద పెళ్ళికొడుకు పేరుకి బదులు అతని ఇన్‌స్టా ఐడీ రాసి ఉంది. లోపలికి వెళ్ళాలా వద్దా అని గుమ్మంలోనే నిలబడిపోయాను. పక్కనున్న కుర్రాడు "కరెక్టే తాతగారూ, ఆ అన్నని అందరం అలాగే పిలుస్తాం" అన్నాడు. అక్కడ పుట్టిందీ పాదం. దీన్ని చివరి పాదంగా ఉంచి ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. షరతు ఒకటే, పూరణలో తెరపేరు (ఆన్‌లైన్ ఐడీ) సంగతి ఎక్కడో ఒకచోట రావాలి.

పేరు మార్చుకొనియెఁ బెండ్లికొడుకు

చిన్నలైను: ఈసారి నేనే ముందు!

బ్రహ్మచారి యనుచుఁ బదియేండ్లు వెలిగెను
ఊరి వాట్సపందు నొంటిగాను
పిల్ల సరె యనంగఁ బెండ్లికి ముందర
పేరు మార్చుకొనియెఁ బెండ్లికొడుకు

అరసున్న: మొదటి పాదం చివర "వెలిగెను", రెండో పాదం మొదట "ఊరి". ఈ రెండింటి మధ్య గేటు వేశారా? విసంధి, సంధి కలపాల్సిన చోట కలపలేదు. "బదియేండ్లు తిరిగె నీ / యూరి వాట్సపందు" అంటే పోయేది. ఇంకొకటి, మూడో పాదంలో పెండ్లి, నాలుగులో మళ్ళీ పెండ్లి. వాడికి ఎన్ని చేస్తారు బాబూ?

చిన్నలైను: తిరిగె నీ బాగుంది మాస్టారూ, తీసేసుకుంటున్నాను. నౌపడా నుంచి గుణుపురం దాకా చిన్నలైను (నేరోగేజి) బండి నడిచిన రోజుల్లో మా తాత కదిలే బండి దిగి, చెట్టు కింద పని చూసుకుని మళ్ళీ అదే బండి ఎక్కేవాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఇప్పుడది పెద్దలైను అయిపోయింది, నా ఐడీలోనే చిన్నలైను మిగిలింది. నా పద్యమూ ఆ బండిలాంటిదే, దిగి సరిచేసి మళ్ళీ ఎక్కొచ్చు.

బాసు: మనది సొంత అనుభవం. కల్పన లేదు.

ఒడియ కార్డులోన నుండదు 'వ' యనుచు
'వాసు' 'బాసు' గాఁగ వరుఁడు మురిసి
యత్తవారి యింట నధికారి తానని
పేరు మార్చుకొనియెఁ బెండ్లికొడుకు

కొమ్ముబొమ్మ: ఆహా! ఇన్నాళ్ళూ ఈ "బాసు" అంటే పొగరు అనుకున్నాను.

బాసు: లేదు సార్. మా శుభలేఖ రెండు భాషల్లో వేయించాం. తెలుగు వైపు వాసు, ఒడియా వైపు బాసు. మా రవిగాడు బడి రిజిస్టర్‌లో "రొబి" అయ్యాడు, వెంకటేశు "బెంకొటేస్" అయ్యాడు, వాళ్ళెవరూ గొడవ పెట్టుకోలేదు కదా. నాకైతే లాభమే వచ్చింది. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ తెలుగు వైపు కార్డే చూపిస్తుంది.

అరసున్న: గణాలు, యతులు అన్నీ శుభ్రం. విషయంలోనే చిన్న మాట. ఒడియా లిపిలో 'వ' అసలు లేకపోలేదు, పెద్దగా వాడరు అంతే, రాతలోనూ పలుకులోనూ 'బ' తోనే సరిపెడతారు. "ఉండదు" అనకుండా ఇంకేదైనా...

మహేంద్రతనయ: లిపిలో ఉండటం వేరు, శుభలేఖలో ఉండటం వేరు. ఆయన "ఒడియ కార్డులోన" అని ముందే జాగ్రత్తపడ్డాడు, అది చదవకుండా తూకం వేయకండి. పైగా ఎవరూ చూడని చమత్కారం ఒకటుంది. సమస్యలో "కొనియెన్ పెండ్లి" కాస్తా "కొనియెఁ బెండ్లి" అయింది, అక్కడ ప తీసి బ. పూరణలో వ తీసి బ. తెలిసి చేశాడో తెలియక చేశాడో!

బాసు: తెలిసే చేశాను అని రాసుకోండి.

సిరొంచ77: గోదావరి ఇవతల, మహారాష్ట్ర వైపు నుంచి ఒక మాట. ఇక్కడ మా పక్కింటి మరాఠీ వాళ్ళలో పెళ్ళికూతురి ఇంటిపేరే కాదు, అసలు పేరు కూడా మార్చే ఆనవాయితీ చాలా కుటుంబాల్లో ఉంది. పళ్ళెంలో బియ్యం పరిచి, పెళ్ళికొడుకు ఉంగరంతో ఆ బియ్యం మీద కొత్త పేరు రాస్తాడు. చిన్నప్పుడు కిటికీలోంచి చూశాను. రాసిన రెండు నిమిషాలకి ఎవరో పళ్ళెం ఎత్తారు, బియ్యం జారింది, పేరు పోయింది, పిల్లకి మాత్రం అదే ఉండిపోయింది. అందుకే ఈ పాదంలో మారేది పెళ్ళికొడుకు అనగానే నవ్వొచ్చింది. పద్యం రాయడం నాకు రాదు, చదువుతాను. 77 ఏమిటని అడగకండి, ఉత్త "సిరొంచ" అప్పటికే ఎవరో పట్టేశారు, వేలికి తగిలిన అంకె కొట్టాను.

మహేంద్రతనయ: నాది కూడా అందుకోండి.

మల్లెపూలఁ గట్టి మరదలు తెచ్చిన
దండ వధువు వేసి తలను వంచ
నామె మెడను వేసి యానంద మొందుచు
పేరు మార్చుకొనియెఁ బెండ్లికొడుకు

చిన్నలైను: అర్థం కాలేదు. పేరు ఎక్కడ మారింది?

మహేంద్రతనయ: పూసల పేరు, ముత్యాల పేరు అనరూ? పేరంటే దండ కూడాను. దండలు మార్చుకున్నారు, అంతే.

చిన్నలైను: అబ్బ! కాళ్ళకి దండం అక్కయ్యా!

కొమ్ముబొమ్మ: పొద్దుటి నుంచి ఫోన్ పక్కన పెట్టలేకపోతున్నాను. ఈ పాదం ఇచ్చిన నాకే తట్టలేదు ఇది.

అరసున్న: చప్పట్లు అయ్యాయా? "మొందుచు" ద్రుతాంతం, అంటే చివర 'న్' దాగి ఉంటుంది. తరవాత "పేరు" వస్తే "మొందుచుఁ బేరు" కావాలి. ఇచ్చిన సమస్యనే మార్చాల్సి వస్తుంది. రెండోది, తెరపేరు రావాలన్నారు నిర్వాహకులు. ఇందులో పూలు ఉన్నాయి, మరదలు ఉంది, ఐడీ ఏది?

మహేంద్రతనయ: ద్రుతం సంగతి ఒప్పుకున్నాను. "యానంద మొంది యా / పేరు" అని దిద్దుతున్నాను. "ఆ పేరు" అనేసరికి దండ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, మీ పుణ్యమే. ఇక ఐడీ అంటారా, కిందటి సంక్రాంతికి తమరు "నీరు"కి "మీగడ"తో యతి వేశారు, అప్పుడు మేమెవరం పాలవాడిని పిలవలేదే!

అరసున్న: అది టైపింగులో జరిగిందని అప్పుడే చెప్పాను.

మహేంద్రతనయ: కీబోర్డులో న పక్కనే మ ఉంటుంది సరే, మరి "నీగడ" అని టైపు చేయబోయారా మాస్టారూ?

బాసు: నీళ్ళలో మీగడ కట్టింది ఆ ఒక్క పద్యంలోనే.

కొమ్ముబొమ్మ: చాలు చాలు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని ద్రుతాల కోసం కొట్టుకుంటే, ఆయన విగ్రహం దిగి వచ్చి మనకి సవర భాష నేర్పి శిక్ష వేస్తారు.

బరంపురం పట్టు: ఆలస్యంగా వచ్చాను, వంట అయ్యేసరికి ఈ వేళయింది.

స్వీటి పేరఁ దిరిగి చీటీలు పంపెను
వధువు చూసి నవ్వ వణుకు పుట్టి
రాత్రికెల్ల పాత రంగుల ఫొటొ తీసి
పేరు మార్చుకొనియెం బెండ్లికొడుకు

చిన్నలైను: హహ్హ! ఆ స్వీటీ ఎవరో మా ఊళ్ళోనూ ఉన్నాడు.

అరసున్న: చక్కని ఊహ, "వణుకు పుట్టి" బాగా పడింది. కాని నాలుగో పాదం చూసుకోండమ్మా. "కొనియెం" అని అరసున్న (ఁ) బదులు నిండు సున్న పెట్టారు. యెం గురువు, గణం సగణమైపోయింది. ఇచ్చిన పాదమే కుంటింది!

బరంపురం పట్టు: అయ్యో. నా ఫోన్‌లో అరసున్న ఎక్కడుందో దొరకదు మాస్టారూ. వెతికేలోగా పప్పు అడుగంటింది.

మహేంద్రతనయ: వదిలేయమ్మా. జీమెయిల్ ఐడీలో చుక్కలు పెట్టినా పెట్టకపోయినా ఉత్తరం ఒకచోటికే చేరుతుంది. అరసున్నా అంతే, గణం లెక్కలోకి రాదు. రాని దానికోసం ఒక మనిషి పేరే పెట్టేసుకున్నాడు.

అరసున్న: అందుకే పెట్టుకున్నాను. మా ఇంట్లో ఆరుగురు పిల్లల్లో నేను నాలుగోవాడిని. ఉన్నానని ఎవరూ పలికేవారు కాదు, లేకపోతే మాత్రం వాక్యం తప్పేది, కొట్టుకి ఎవరు వెళ్ళాలి అని. పదో తరగతిలో వ్యాకరణం మాస్టారు అరసున్న గురించి చెబుతుంటే, ఇది నేనే కదా అనిపించింది.

కొమ్ముబొమ్మ: (కాసేపు ఏమీ టైపు చేయలేకపోయాను.)

మహేంద్రతనయ: నాది చెప్పనా మరి. మా వెనక పెరట్లోంచి కనపడేది మహేంద్రతనయ అనే ఏరే. ఆ పేరుతో ఏళ్ళు రెండున్నాయి, ఇంకోటి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది, మాది వంశధారలో కలిసేది. ట్విటర్‌లో (ఇప్పుడది ఎక్స్) ఐడీకి 15 అక్షరాలే ఇస్తారు, ఇంగ్లీషు అక్షరాల్లో మహేంద్రతనయ 14. ఒకటి మిగిలిందని సంబరపడి తీసుకున్నాను. తనయ అంటే కూతురని అప్పుడు తట్టలేదు. చిన్నలైనూ, రెండేళ్ళుగా అక్కయ్యా అంటున్నావు, మా ఇంట్లో పెద్ద నవ్వులాటగా ఉంది. నాకు మీసాలున్నాయి నాయనా.

చిన్నలైను: ...

బాసు: బండి ఆగిపోయింది.

చిన్నలైను: రాఖీకి మెసేజ్ కూడా పెట్టాను కదా బాబాయ్! నాకు ఒక్కరూ చెప్పలేదేం?

అరసున్న: నాకు తెలుసు. అంత పట్టుదలగా దెబ్బలాడేది ఏరు కాదు, గట్టు.

మహేంద్రతనయ: అది పద్యంలో పెట్టండి, ఒప్పుకుంటాను.

కొమ్ముబొమ్మ: ఈ వారం దండ "పేరు"కి. బాసు పూరణ ఇంచుమించు సమానం, అరసున్నగారు ఒప్పుకోకపోయినా సరే. పట్టు గారూ, మీ పాదంలో నిండు సున్న నేను సరిచేసేశాను. చుక్కల గురించి ఇంత మాట్లాడారు కాబట్టి వచ్చే ఆదివారానికి ఇది ఉంచుకోండి:

చుక్క లేని రేయి చుక్క మెఱసె