రాజ్యసభ సభ్యుడు ఏం పని చేశాడో రికార్డు చూసి తెలుసుకోవడం ఎలా?

ఉద్దానం_కొబ్బరితోట అడిగారు:

అందరికీ నమస్కారం. పోయిన వారం మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో తిరిగింది. రాజ్యసభలో ఉన్న మనవాళ్ళ పేర్లు, పక్కన హాజరు శాతం, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు. ఒకాయనకు అన్నీ ఆకుపచ్చ రంగులో ఉన్నాయి, ఇంకొకాయనకు అన్నీ ఎరుపే. మా చిన్నాన్న దాని కింద "ఈయన్ని ఢిల్లీ పంపింది నిద్రపోవడానికా" అని రాశాడు. ఇక గ్రూపంతా అదే గొడవ.

నా బాధ ఏమిటంటే, ఆ ఎరుపు పడ్డాయన నాలుగేళ్ళ కిందట మా ఊరు వచ్చాడు. మాది ఉద్దానం. కిడ్నీ జబ్బు లేని వీధి మాకు లేదు. మా పెదనాన్న వారానికి రెండుసార్లు బస్సెక్కి డయాలసిస్‌కి వెళ్ళొస్తాడు. ఆ రోజు ఆయన మా అరుగు మీద గంటసేపు కూర్చున్నాడు. పెదనాన్న ఆస్పత్రి కాగితాలు ఒక్కొక్కటీ తిరగేసి, ఏదో చిన్న నోట్‌బుక్కులో రాసుకున్నాడు. మరి ఢిల్లీ వెళ్ళాక మా సంగతి అడిగాడా, మర్చిపోయాడా? అది నాకు తెలియాలి.

రాజ్యసభ వెబ్‌సైట్ తెరిచాను. స్టార్డ్, అన్‌స్టార్డ్, స్పెషల్ మెన్షన్, జీరో అవర్, కమిటీ రిపోర్టులు... ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కాలేదు. లోక్‌సభ ఎంపీ అయితే ఐదేళ్ళకు మన గుమ్మం ముందుకు రాక తప్పదు. వీళ్ళను ఎన్నుకునేది ఎమ్మెల్యేలు, పదవి ఆరేళ్ళు. మాలాంటి వాళ్ళకు లెక్క అడిగే దారి ఈ రికార్డే కదా. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

పాత_పీఏ:

బాబూ, నీ ప్రశ్న చూసి రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఢిల్లీలో ఒక రాజ్యసభ సభ్యుడి దగ్గర ఆరేళ్ళు పనిచేశాను. ఆయనెవరో చెప్పను, ఏ పార్టీయో కూడా చెప్పను. కానీ ఆ అంకెలు ఎలా పుడతాయో నా చేతులకు తెలుసు.

ముందు హాజరు. సభ్యుడు రిజిస్టరులో సంతకం పెడితే ఆ రోజు వచ్చినట్టు లెక్క. దినభత్యం కూడా ఆ సంతకం మీదే వస్తుంది. సంతకం పెట్టి పది నిమిషాల్లో వెళ్ళిపోయినా హాజరే, రాత్రి తొమ్మిదింటి దాకా బిల్లు మీద చర్చలో కూర్చున్నా హాజరే. మంత్రులు, ప్రతిపక్ష నాయకుడు అసలు సంతకమే పెట్టక్కర్లేదు. అందుకే వాళ్ళ పేర్ల పక్కన అంకె కనపడకపోతే రాలేదని అనుకోకూడదు.

ఇక ప్రశ్నలు. ఇక్కడే అసలు సంగతి ఉంది. మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాల్సినవి స్టార్డ్ ప్రశ్నలు, అంటే నక్షత్ర గుర్తువి. రోజుకు 15. రాతపూర్వకంగా జవాబు వచ్చేవి అన్‌స్టార్డ్, రోజుకు 160. నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. ఒక సభ్యుడు ఒక రోజుకి ఏడు దాకా నోటీసులు ఇవ్వచ్చు. పడిన నోటీసులన్నిటికీ చోటుండదు కాబట్టి లాటరీ తీస్తారు. లాటరీలో రాని ప్రశ్న రికార్డులో ఉండదు. రాత్రంతా కూర్చుని రాసిన మంచి ప్రశ్న అలా పోతే నాకు ఏడుపొచ్చేది.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. చేరిన కొత్తలో మా సార్ "మన నంబరు పెరగాలి" అన్నారు. నేను పొద్దున్నే పేపర్లు ముందేసుకుని, హెడ్డింగు కనపడితే చాలు దాన్నే ప్రశ్నగా మార్చేవాణ్ణి. "ఈ విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా? వస్తే, తీసుకున్న చర్యలు ఏమిటి?" అంతే. రోజుకు ఏడూ నింపేసి సంతకాలు పెట్టించుకునేవాణ్ణి. ఆయన చదివేవారు కాదు. జవాబులు వచ్చాక నేనూ చదవలేదు, ఫైల్లో పెట్టేసేవాణ్ణి. ఆ ఏడాది మా సార్‌ది కూడా ఆకుపచ్చ రంగే.

తర్వాత ఒక రోజు మా జిల్లా నుంచి ఒకావిడ వచ్చింది. భర్తకు డయాలసిస్. ఊరికి దగ్గర్లో మిషన్ లేదు. ఆమె కోసం నేను మొదట రాసింది పాత పద్ధతిలోనే, "కిడ్నీ రోగుల కోసం ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలు ఏమిటి?" అని. వచ్చిన జవాబు మొదటి వాక్యమే "ఆరోగ్యం రాష్ట్ర జాబితాలోని అంశం". అంటే అది రాష్ట్రం పని, కేంద్రాన్ని అడగొద్దని. తలుపు మూసేసినట్టే. రెండోసారి మార్చి రాశాను. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద మా రాష్ట్రంలో జిల్లాల వారీగా ఎన్ని మిషన్లు పెట్టారు, ఏ ఏడాది ఎంత డబ్బు విడుదల చేశారు, ఎంత ఖర్చయింది? కేంద్రం డబ్బు, కేంద్రం పథకం, లెక్క చెప్పక తప్పదు. ఈసారి జవాబు వెనకాల అనుబంధంగా పట్టిక వచ్చింది. మా జిల్లా వరుస మీద వేలు పెట్టి ఆవిడకు చూపించాను. ఆ కాగితం జిరాక్స్ తీసుకుని ఆమె కలెక్టర్ ఆఫీసుకు వెళ్ళింది.

కాబట్టి బాబూ, ఎన్ని ప్రశ్నలు అడిగాడో వదిలెయ్. మీ ఎరుపాయన అడిగినవన్నీ ఒక ఆదివారం కూర్చుని చదువు. మూడు సంగతులు చూడు. జిల్లా పేరో ఊరి పేరో పథకం పేరో పెట్టి అడిగాడా? ఒకే విషయం మీద మళ్ళీ మళ్ళీ వచ్చాడా? తప్పించుకునే జవాబొస్తే తర్వాతి సమావేశాల్లో ప్రశ్న మార్చి అడిగాడా? మూడోది కనపడితే ఆ మనిషి జవాబులు చదువుతున్నాడని అర్థం.

సివిక్స్_మేడమ్:

పైన పీఏ గారు చెప్పింది బంగారం లాంటి మాట. నేను కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్తాను. పిల్లలతో ఏటా రాజ్యసభ చర్చలు చదివిస్తాను. 1952 నుంచి అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. అప్పట్లో దాని పేరు కౌన్సిల్ ఆఫ్ స్టేట్స్, రాజ్యసభ అనే పేరు 1954 ఆగస్టులో వచ్చింది. మన పుచ్చలపల్లి సుందరయ్య గారు ఆ మొదటి సభలోనే కమ్యూనిస్టుల నాయకుడు.

చర్చల రికార్డు ఎందుకు ముఖ్యమో తెలుగువాళ్ళకు వేరే చెప్పాలా? 2014 ఫిబ్రవరి 20న విభజన బిల్లు రాజ్యసభలో పాసైంది. ఆ రోజే ప్రధాని మన్మోహన్ సింగ్ గారు ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ళు ప్రత్యేక హోదా ఇస్తామని సభలో ప్రకటించారు. అది చట్టంలో లేదు. ఉన్నదల్లా సభ రికార్డులోనే. ఇన్నేళ్ళ పోరాటమూ ఆ కొన్ని వాక్యాలు పట్టుకునే నడిచింది. ఇంకో సంగతి, ఆ బిల్లు పాసైంది మూజువాణి ఓటుతో. అంటే ఎవరు ఔనన్నారో ఎవరు కాదన్నారో పేరు పేరునా రికార్డులో దొరకదు. డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, జరిగితేనే పేర్లు పడతాయి. పేర్లు పడినా 1985 నాటి పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వల్ల విప్, అంటే పార్టీ ఆదేశం, వస్తే పార్టీ చెప్పినట్టే నొక్కాలి. అందుకని ఓటు చూసి మనిషిని అంచనా వెయ్యడం కష్టం.

స్పెషల్ మెన్షన్లు తప్పకుండా వెతకండి. ప్రజలకు సంబంధించిన ఒక విషయాన్ని సభ్యుడు రాసుకొచ్చి సభ దృష్టికి తేవడమే అది. 250 మాటలకు మించకూడదు కాబట్టి సోది ఉండదు. అత్యవసర విషయాలు లేవనెత్తే జీరో అవర్‌లో అయితే మూడు నిమిషాలు. మామూలు బిల్లుల చర్చలో ఎవరు మాట్లాడాలో పార్టీయే నిర్ణయిస్తుంది, ఆ టైమ్ కూడా పార్టీ బలాన్ని బట్టి వస్తుంది. చిన్న పార్టీ సభ్యుడికి చర్చల సంఖ్య తక్కువుంటే అది అతని తప్పు కాకపోవచ్చు.

ఆయన తెలుగులో మాట్లాడి ఉంటే కంగారు పడకండి. అక్కడ చిన్న గుర్తు ఉండి, ఇది తెలుగు ప్రసంగానికి ఇంగ్లీషు అనువాదం అని అడుగున రాసి ఉంటుంది. 2018 జూలై నుంచి 22 భాషల్లోనూ అనువాద సౌకర్యం ఉంది. నాకైతే అచ్చంగా మన భాషలోనే ఆ మాటలు చదవాలని ఉంటుంది.

గూడూరు_వాసి:

మాది నెల్లూరు వైపు. హాజరు గురించి నా మాట ఒకటి. సచిన్ టెండూల్కర్ 2012లో నామినేటెడ్ సభ్యుడయ్యాడు, అంటే ఎన్నిక లేకుండా రాష్ట్రపతి నియమించే సభ్యుడు. సభకు చాలా తక్కువ వచ్చాడని దేశమంతా తిట్టింది, అది నిజమే. కానీ మా గూడూరు పక్కన పుట్టంరాజు కండ్రిగను 2014లో దత్తత తీసుకున్నదీ ఆయనే. ఎంపీ నిధులతో రోడ్లు, డ్రైనేజీ వచ్చాయి. నామినేటెడ్ సభ్యులు ఏడాదికి ఐదు కోట్ల ఎంపీ నిధులు దేశంలో ఎక్కడైనా ఖర్చు పెట్టొచ్చు, మా అదృష్టం మమ్మల్ని ఎంచుకున్నాడు. 2017 డిసెంబరులో పిల్లల ఆటల హక్కు మీద మాట్లాడదామని లేచి నిలబడితే గొడవలో ఒక్క ముక్క చెప్పనివ్వలేదు. నిలబడే ఉన్నాడు పాపం. చివరికి ఆ ప్రసంగం ఫేస్‌బుక్‌లో పెట్టాడు. మా ఊళ్ళో మంచి జరిగిందని హాజరు తప్పు కాకుండా పోదు, ఆ సంగతి నాకు తెలుసు. రెండూ రికార్డులో ఉండాలనే నేననేది.

విజయవాడ_శ్రీను:

అందరూ బాగా చెప్పారు కానీ, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకు వందల పేజీలు చదివే టైమ్ ఎక్కడిది? శాతం చూస్తే తప్పేముంది? జీతం తీసుకున్నాక సభకు రావాలి కదా.

పాత_పీఏ:

రావాలి శ్రీనుగారూ, అందులో రెండో మాట లేదు. అనుమతి లేకుండా 60 రోజులు రాకపోతే సీటే ఖాళీ అయిందని సభ ప్రకటించొచ్చు, రాజ్యాంగంలోనే ఉంది. నేనంటున్నది, హాజరు శాతం దగ్గరే ఆగిపోతే నాలాంటి పీఏలు మిమ్మల్ని సులువుగా మోసం చేస్తారని. టైమ్ లేకపోతే ఒక్క పని చెయ్యండి. మంత్రిత్వ శాఖల పనిని పరిశీలించే ఎంపీల కమిటీని స్థాయీ సంఘం అంటారు. దాని రిపోర్టు చివర మీటింగుల మినిట్స్ ఉంటాయి, ఎవరెవరు వచ్చారో పేర్లుంటాయి. సంఘంలో 31 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. అక్కడ టీవీ కెమెరాలు ఉండవు. తలుపులు మూసిన గదిలో, ఆఫీసర్లు తెచ్చిన లెక్కల ముందు కూర్చోవడానికి ఎవరొచ్చారో చూడండి. అయిదు నిమిషాల పని.

ఉద్దానం_కొబ్బరితోట:

పీఏ గారూ, మేడమ్ గారూ, దణ్ణాలు. ఆదివారం పొద్దున్న మొదలుపెట్టి సాయంత్రం దీపాలు పెట్టేదాకా చదివాను.

ఆకుపచ్చాయన ప్రశ్నలు వరసగా చూశాను. విమానాశ్రయాలు, క్రిప్టో, పులులు, ఆన్‌లైన్ గేములు. మా జిల్లా పేరు ఒక్కసారి కూడా లేదు. ఆయన్ని తప్పుపట్టడం లేదు, ఇంకెవరికైనా పనికొచ్చి ఉంటాయేమో.

ఎరుపాయనవి తక్కువే. అందులో కిడ్నీ జబ్బు మీద మూడు. మొదటి దానికి మీరు చెప్పిన జవాబే, రాష్ట్ర జాబితా అని. రెండోది ఏడాది తర్వాత, తాగునీటి పరీక్షల గురించి. దానికి "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని ఉంది. మూడోది డయాలసిస్ మిషన్ల లెక్క. మధ్యలో ఒక స్పెషల్ మెన్షన్ దొరికింది. ఉద్దానంలో తాను కలిసిన ఒక కొబ్బరి రైతు వారానికి రెండుసార్లు బస్సెక్కి వెళ్తాడని, రానూపోనూ ఛార్జీలకూ పోయిన కూలికీ ఎవరూ లెక్క కట్టడం లేదని అందులో ఉంది. పేరు లేదు. కానీ అది మా పెదనాన్నే. ఆ నోట్‌బుక్కులో రాసుకున్నది ఇదే.

మేడమ్, ఆ "సేకరిస్తున్నాం" అన్న జవాబు తర్వాత ఏమైందో ఎలా తెలుస్తుంది?

సివిక్స్_మేడమ్:

అలాంటి జవాబును హామీ కింద లెక్కేస్తారు బాబూ. మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేర్చకపోతే గడువు పెంచమని అడగాలి. ప్రభుత్వ హామీల కమిటీ అని రాజ్యసభకు 1972 నుంచి ఉంది, దాని పని ఇదే. ప్రశ్న నంబరు, తేదీ పట్టుకుని హామీల జాబితాలో వెతకండి. పెండింగ్‌లో ఉంటే అదే నంబరు వేసి ఆ సభ్యుడికే ఉత్తరం రాయండి. నంబరున్న ఉత్తరాన్ని పక్కన పెట్టడం కష్టం.

ఉద్దానం_కొబ్బరితోట:

నంబరు రాసుకున్నాను. ఉత్తరం రేపు పోస్టు చేస్తున్నాను.

ఆ స్పెషల్ మెన్షన్ ప్రింటు తీసి నిన్న రాత్రి అరుగు మీద పెదనాన్నకు తెలుగులో చదివి వినిపించాను. మొత్తం విని, "వారానికి రెండుసార్లు కాదు, ఇప్పుడు మూడు చేశారని వచ్చే ఉత్తరంలో రాయి" అన్నాడు. చిన్నాన్న పక్కనే ఉన్నాడు. ఏమీ అనలేదు. కాగితం అడిగి తీసుకుని, ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు.