మా ఆయన హెచ్‌ఐవీ పాజిటివ్, నేను నెగటివ్. మామూలుగా బిడ్డను కనొచ్చా?

తిరుపతి_కోడలు:

అందరికీ నమస్కారం. పేరు చెప్పలేను, ఏమీ అనుకోవద్దు. మాది తిరుపతి, పెళ్ళై ఐదేళ్ళు. రెండేళ్ళ కిందట మా ఆయనకు హెర్నియా ఆపరేషన్ కోసం రక్తపరీక్షలు రాస్తే హెచ్‌ఐవీ పాజిటివ్ అని తేలింది. నాకు అప్పుడూ ఆ తర్వాతా చేసినవన్నీ నెగటివే. ఎట్లా వచ్చింది, ఎప్పుడు వచ్చింది అనేది మేమిద్దరం మాట్లాడుకుని అయిపోయింది, దయచేసి ఇక్కడ దాని గురించి అడగొద్దు.

అప్పటి నుంచి ఆయన రోజూ రాత్రి అన్నం తిన్నాక టీఎల్‌డీ అనే హెచ్‌ఐవీ మాత్ర వేసుకుంటున్నాడు, నేనే పక్కనుండి చూస్తాను. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష మొన్న చేస్తే రిపోర్టులో ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’, అంటే వైరస్ కనపడలేదు అని వచ్చింది. మా అత్తకు ఇవేవీ తెలీదు. కోడలికి కడుపు పండలేదని శుక్రవారం వస్తే చాలు తిరుచానూరుకు తీసుకుపోయి అమ్మవారికి మొక్కిస్తుంది. ఆమె మీద నాకు కోపం లేదు, కానీ ప్రతిసారీ ఏం చెప్పాలో తెలీక టెన్షన్ పెరిగిపోతోంది.

ఒక ప్రైవేటు సంతాన క్లినిక్‌కు వెళ్తే, వీర్యాన్ని కడిగి టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో చేయడం తప్ప వేరే దారి లేదన్నారు. వాళ్ళు చెప్పిన ఖర్చుకు ఇల్లు తాకట్టు పెట్టాల్సిందే. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో డాక్టరమ్మ మాత్రం అంత అవసరం ఉండకపోవచ్చు, ఇద్దరూ కలిసి రండి అంది. బయట అంతమంది క్యూలో ఉంటే లోపల కూర్చుని ఇవన్నీ అడగడానికి నాకు నోరు రాలేదు. కండోమ్ లేకుండా కలిస్తే నిజంగా నాకు రాదా? బిడ్డకు వాళ్ళ నాన్న నుంచి వస్తుందా? హెచ్‌ఐవీ సోకకుండా ఆరు నెలలకొకసారి వేసే సూది వచ్చిందంటున్నారు, అది నేను వేయించుకోవాలా?

మాజీ_కౌన్సెలర్:

అమ్మా, చిత్తూరు జిల్లాలో ఐసీటీసీ, అంటే హెచ్‌ఐవీ పరీక్ష చేసి సలహా ఇచ్చే సెంటర్‌లో కౌన్సెలర్‌గా చాలా ఏళ్ళు పనిచేశాను. ముందు బిడ్డ సంగతి చెప్తాను, ఎందుకంటే అందరూ అక్కడే ఎక్కువ భయపడతారు. బిడ్డకు ఈ వైరస్ తల్లి నుంచే వస్తుంది, కడుపులో ఉన్నప్పుడో, కాన్పు సమయంలోనో, పాల ద్వారానో. తండ్రి నుంచి నేరుగా బిడ్డకు పోదు. మీరు నెగటివ్‌గా ఉన్నంతకాలం బిడ్డకు భయం లేదు, అంటే ఇక్కడ చూసుకోవాల్సింది మీ ఆరోగ్యాన్నే.

ఇక మీకు వస్తుందా రాదా అన్నది. ఇది ఎవరో నోటిమాటగా చెప్పింది కాదు. హెచ్‌పీటీఎన్ 052 అని తొమ్మిది దేశాల్లో 1,763 జంటలతో పరిశోధన జరిగింది, ఒకరు పాజిటివ్, ఒకరు నెగటివ్, అచ్చం మీలాంటి జంటలే. అందులో మన చెన్నై, పుణె జంటలూ ఉన్నాయి. ఆలస్యం చేయకుండా మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని 2011లో తేలింది. ఆ తర్వాత ఐరోపాలో పార్ట్‌నర్ అనే అధ్యయనం చేశారు. పాజిటివ్ మనిషి వైరల్ లోడ్ మిల్లీలీటరు రక్తానికి 200 లోపు ఉన్న జంటలనే తీసుకుని, వాళ్ళు కండోమ్ లేకుండా దాదాపు 58 వేల సార్లు కలిసిన లెక్క చూస్తే, ఆ భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు. ఆ ఫలితం 2016లో వచ్చింది. మగవాళ్ళ జంటలతో చేసిన రెండో విడతలోనూ సున్నానే. రక్తంలో వైరస్ కనపడనంత తగ్గితే కలయిక వల్ల సోకదు అని ఇప్పుడు ప్రపంచమంతా డాక్టర్లు ధైర్యంగా చెప్తున్నది ఇందుకే. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇట్లాంటి జంటలకు పిల్లల మాటే ఎత్తొద్దని చెప్పి పంపేవాళ్ళు, ఎంతమంది ఆడపిల్లలు ఏడుస్తూ వెళ్ళారో.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. ఒక్క రిపోర్టు చూసి తొందరపడొద్దు. ఆరు నెలల తేడాతో రెండు రిపోర్టులు అట్లాగే రావాలి, మధ్యలో మాత్రలు తప్పకూడదు. గవర్నమెంటు సెంటర్లలో మొదటి ఏడాది దాటాక మామూలుగా ఏడాదికొకసారే వైరల్ లోడ్ చేస్తారు, కాబట్టి బిడ్డ కోసం అనుకుంటున్నామని చెప్పి ఇంకోటి చేయమని అడగండి. ఇద్దరూ సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు కూడా చేయించుకోండి, వైరల్ లోడ్ తగ్గడం వల్ల వచ్చే రక్షణ హెచ్‌ఐవీకి మాత్రమే. మీకు హెపటైటిస్ బి టీకా పడకపోతే వేయించుకోండి.

చిత్తూరు_మామిడి:

అక్క చెప్పింది అక్షరాలా నిజం చెల్లెమ్మా. నాది మీ ఆయన పరిస్థితే, నా భార్య నెగటివ్, మా పాప రెండో తరగతి చదువుతోంది. మేము టెస్ట్‌ట్యూబ్ జోలికి పోలేదు. డాక్టరు చెప్పిన రోజుల్లో, అంటే అండం విడుదలయ్యే రోజుల్లో మాత్రమే కండోమ్ లేకుండా కలిశాం, మిగతా రోజుల్లో వాడాం. నెలసరి సరిగ్గా వచ్చేవాళ్ళకు వచ్చే నెలసరికి సుమారు పద్నాలుగు రోజుల ముందు అండం విడుదలవుతుంది, దానికి ముందు నాలుగైదు రోజులూ ఆ రోజూ ముఖ్యం. వైరల్ లోడ్ కనపడకపోతే అంత లెక్క అక్కర్లేదంటారు, మా మనసు నిమ్మళం కోసం అట్లా చేశాం.

ఇంకోటి ఎవరూ చెప్పరు. మామిడి సీజన్‌లో నాకు గుజ్జు ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీలు పడతాయి, తిండికి వేళ ఉండదు, గ్యాస్ పట్టేస్తుంది. ఆ గ్యాస్ మందు, కాల్షియం, ఐరన్ మాత్రలు టీఎల్‌డీతో కలిపి వేసుకుంటే అందులో ఉండే డోల్యూటెగ్రావిర్ ఒంటికి సరిగ్గా పట్టదు. టీఎల్‌డీ వేసుకున్నాక రెండు గంటలు ఆగి గ్యాస్ మందు తాగాలి, గ్యాస్ మందే ముందు తాగితే ఆరు గంటలు ఆగి టీఎల్‌డీ వేసుకోవాలి. మీ ఆయనకు అట్లాంటి అలవాటు ఉంటే డాక్టరమ్మకు తప్పకుండా చెప్పండి.

పీలేరు_రెడ్డెమ్మ:

ఎన్ని చదువులు చెప్పినా సొంత ఆరోగ్యంతో ఎందుకమ్మా ఈ సాహసం. దత్తత తీసుకోండి, ఒక బిడ్డకు నీడ దొరుకుతుంది.

మాజీ_కౌన్సెలర్:

రెడ్డెమ్మగారూ, దత్తత మంచి పనే, వాళ్ళకు ఇష్టమైతే తీసుకుంటారు. కానీ ఆ అమ్మాయి అడిగింది అది కాదు. సాహసం అనే మాట పదిహేనేళ్ళ కిందట చెల్లేది. ఇప్పుడు భయపెట్టి పంపితే ఇట్లాంటి జంటలు సెంటర్‌కు చెప్పకుండా, రిపోర్టు చూసుకోకుండా ప్రయత్నిస్తారు. అసలు ప్రమాదం దాంట్లో ఉంది.

పుత్తూరు_ఫార్మా:

సూది గురించి నేను చెప్తాను, హైదరాబాదులో మందుల కంపెనీలో పని, సొంతూరు పుత్తూరు. ఆ మందు పేరు లెనకాపవిర్. వైరస్ లోపలి సరుకు చుట్టూ ప్రోటీన్‌తో కట్టుకున్న గూడు ఒకటి ఉంటుంది, క్యాప్సిడ్ అంటారు. ఈ మందు ఆ గూడు పని చెడగొడుతుంది. పొట్ట చర్మం కింద ఏడాదికి రెండుసార్లు వేస్తారు, మొదటిసారి రెండు రోజులు మాత్రలు కూడా ఉంటాయి. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో అమ్మాయిల మీద చేసిన పర్పస్ 1 పరీక్షలో ఈ సూది తీసుకున్న 2,134 మందిలో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు, ఆ సంగతి 2024లో వచ్చింది. ఇంట్లో రోజూ మాత్రల డబ్బా దాచుకోలేని ఆడవాళ్ళకు ఇది ఎంత పెద్ద విషయమో మాటల్లో చెప్పలేను.

2025 జూన్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది, అక్కడ ఏడాదికి 28 వేల డాలర్లు దాటింది ధర. అదే మందును డాక్టర్ రెడ్డీస్, హెటిరో రెండూ ఏడాదికి 40 డాలర్లకు, అంటే మన డబ్బులో మూడున్నర వేలకు కాస్త అటూ ఇటూగా, 2027 నుంచి పేద, మధ్యస్థ దేశాలకు ఇస్తామని ప్రకటించాయి. రెండూ హైదరాబాదు కంపెనీలే, నాకైతే గర్వంగా ఉంది. కానీ అక్కా, మీ ఆయన వైరల్ లోడ్ రెండోసారీ కనపడకపోతే మీకు ఈ సూది అవసరం పడదు, ఆయన వేసుకునే మాత్రే మీకు రక్షణ. లోడ్ తగ్గనివాళ్ళు, మందులు ఈమధ్యే మొదలుపెట్టినవాళ్ళు ఉంటే ఆ ఇంట్లో నెగటివ్ మనిషికి ముందుజాగ్రత్త మందు గురించి డాక్టరు ఆలోచిస్తారు. దానికి రోజూ వేసుకునే మాత్రలు ఇప్పటికే ఉన్నాయి, డాక్టరు చీటీ లేకుండా మాత్రం కొనొద్దు.

తిరుపతి_కోడలు:

అందరికీ చేతులెత్తి దండం. చదువుతుంటే కళ్ళు తిరిగినంత పనైంది. ఇంకొక్కటి అడుగుతాను. కాన్పుకు వెళ్ళినప్పుడు ఆయన సంగతి అక్కడ చెప్పాలా? చెప్తే మా అత్తకు తెలిసిపోతుందా?

మాజీ_కౌన్సెలర్:

మీ డాక్టరుకు చెప్పండమ్మా, అప్పుడే గర్భంలో ఉండగా మీకు పరీక్ష ఒకసారితో ఆపకుండా మళ్ళీ చేస్తారు. ఆ తొమ్మిది నెలల్లో కొత్తగా సోకితే బిడ్డకు పోయే అవకాశం ఎక్కువ, అందుకే ఆయన మాత్రలు అప్పుడూ, పాలిచ్చే రోజుల్లోనూ ఒక్కటి కూడా తప్పకూడదు. అత్తకు చెప్పే హక్కు ఏ డాక్టరుకూ నర్సుకూ లేదు. 2017లో హెచ్‌ఐవీ చట్టం వచ్చింది, రాతపూర్వక సమ్మతి లేకుండా ఒకరి సంగతి బయటపెట్టడం తప్పు. సెంటర్‌కు ఇద్దరూ కలిసి వెళ్ళండి, క్యూ చూసి వెనక్కి రావొద్దు, కౌన్సెలర్‌తో విడిగా మాట్లాడాలి అని గుమ్మం దగ్గరే చెప్తే లోపలికి పిలుస్తారు. నోరు రాకపోతే ఇక్కడ అడిగినవన్నీ కాగితం మీద రాసి చేతికివ్వండి. వెళ్ళేలోపు అనుమానం వస్తే 1097కు ఫోన్ చేయండి, డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడతారు.