సోనీయే ధర పెంచుకోవచ్చు కదా, బ్లాక్ వాళ్లకి ఎందుకు వదిలేసింది?

మారతహళ్లి గేమర్:
సోనీ వీడియో గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) మన దేశంలోకి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది, ధర 49,990. జనవరి 12న ప్రీ-ఆర్డర్లు తెరిచిన నిమిషాల్లోనే స్టాక్ ఖాళీ. తర్వాత బెంగళూరులో ఎక్కడ అడిగినా వేలకు వేలు ఎక్కువ చెప్పారు. కొనేవాళ్లు అంత ఇస్తున్నప్పుడు ఆ డబ్బు సోనీయే తీసుకోవచ్చు కదా? కావాలనే కొరత సృష్టించారని మా ఆఫీసులో అంటారు. నిజమేనా?

చిత్తూరు చిన్నోడు:
హైప్ కోసమే బ్రో. దొరకని వస్తువుకే గిరాకీ.

గాంధీనగర్ కౌంటర్:
అది నేనొప్పుకోను తమ్ముడూ. అప్పట్లో బెంగళూరు గాంధీనగర్‌లో ఒక గేమ్స్ షాపులో పనిచేశాను. మొదట్లో కన్సోల్ మీద కంపెనీకి నష్టమే. 499 డాలర్ల పీఎస్5 ఇక నష్టానికి అమ్మట్లేదని సోనీ చెప్పింది 2021 ఆగస్టులో. అసలు లాభం గేమ్స్ మీద, పీఎస్ ప్లస్ అనే ఆన్‌లైన్ సభ్యత్వం చందాల మీద. కన్సోల్ లేనివాడు గేమ్ కొనడు. సరుకు దాస్తే ముందు మునిగేది వాళ్లే.

కొరత చిప్ దగ్గర వచ్చింది. పీఎస్5 చిప్‌ని ఏఎండీ కంపెనీ డిజైన్ చేస్తే తైవాన్‌లో టీఎస్ఎంసీ ఫ్యాక్టరీలు తయారుచేస్తాయి. అప్పట్లో మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ చిప్పులూ, కంప్యూటర్లలో వాడే ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లూ అక్కడి 7 నానోమీటర్ తయారీ లైన్ల మీదే. కోవిడ్‌లో ల్యాప్‌టాప్‌లకు గిరాకీ పెరిగి చిప్పుల కోసం అందరూ ఆ లైన్ల మీదే పడ్డారు. కొత్త ఫ్యాక్టరీకి ఏళ్లు పడుతుంది.

ఇక ధర సంగతి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కూడా ఇక్కడ 49,990కే వచ్చింది. సోనీ ఒక్కటే 70 వేలంటే జనం అటు పోతారు. పోయినవాడు ఏళ్ల తరబడి గేమ్స్ అక్కడే కొంటాడు. అందుకే పై డబ్బు వదులుకున్నారు.

ఆ డబ్బు మధ్యవాళ్లకి ఎలా చేరిందో కౌంటర్ వెనక నుంచి చూశాను. ఎమ్మార్పీకి మించి బిల్లు వేస్తే తూనికలు కొలతల శాఖ కేసు పెడుతుంది. అందుకని "కన్సోల్ విడిగా లేదు, బండిల్ ఉంది" అనేవాళ్లు. 49,990కి తోడు 5,990 కంట్రోలర్, 4,999 గేమ్. మొత్తం 60,979. ప్రతి లైనూ ఎమ్మార్పీకే! ఒక డిగ్రీ కుర్రాడు కూడబెట్టిన డబ్బు తెచ్చి, "అన్నా, కంట్రోలర్ తీసేయండి" అని బతిమాలాడు. మా ఓనరు ఒప్పుకోలేదు. ఒకటి కావాలంటే ఇంకోటి కొనాల్సిందేనని షరతు పెట్టడం వినియోగదారుల చట్టం ప్రకారం తప్పే. కానీ అంత కష్టపడి కన్సోల్ దొరికినవాడు ఫిర్యాదు చేస్తాడా?

మారతహళ్లి గేమర్:
మరి దారేంటి అన్నా?

గాంధీనగర్ కౌంటర్:
జపాన్‌లో పీఎస్5ని చాలా షాపులు లాటరీ తీసి అమ్మాయి. 2025లో తన కొత్త కన్సోల్ స్విచ్ 2కి నింటెండో అక్కడి తన సొంత స్టోర్ లాటరీలో ఇంకో వడపోత పెట్టింది: ఏడాది ఆన్‌లైన్ సభ్యత్వం, పాత స్విచ్‌లో 50 గంటల ఆట ఉండాలి. తిరిగి అమ్ముకునేవాడికి అది కష్టం. అయినా 22 లక్షల మంది దరఖాస్తు చేశారు, చాలామందికి రాలేదు. కాకపోతే దొరికినవాళ్లు ఆడేవాళ్లే అయ్యుంటారు. నాకు అదే న్యాయం అనిపిస్తుంది. ఇక్కడా ఎవరైనా పెడితే బాగుండు.