అప్‌డేట్: అంబాసిడర్ ఇంజిన్ బేకి 2కె పీయూ ఖాయం చేశాం

నాన్నగారి అంబాసిడర్ కారు ఇంజిన్ బేకి (బానెట్ కింద ఇంజిన్ ఉండే చోటుకి) వేడి, పెట్రోలు, ఆయిల్ తట్టుకునే రంగు ఏదని ఇక్కడ అడిగాను కదా. చెప్పినవాళ్లందరికీ ధన్యవాదాలు. ముందు పూతగా వేసే ఎపాక్సీ ప్రైమర్ మీద 2కె పీయూ కొట్టించాం, అంటే హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి కొట్టే పాలీయూరిథేన్ రంగు.

పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో కరిగించేది) కుదరదు. దాదాపు 200 డిగ్రీల ఓవెన్‌లో కాల్చాలి, బాడీని అందులో పెట్టలేం. మిగిలింది ఎన్‌సీనా (నైట్రోసెల్యులోజ్, హార్డెనర్ లేకుండా థిన్నర్ ఆవిరై ఆరే రంగు), 2కెనా అన్నదే. రాణీగంజ్‌లో రెండూ కొని, పాత రేకు మీద కొట్టి, బాగా ఆరాక పెట్రోలు గుడ్డతో రుద్దాం. ఎన్‌సీ రంగు గుడ్డకంటుకొచ్చేసింది, 2కె చెక్కుచెదరలేదు. హార్డెనర్‌తో రసాయనికంగా గట్టిపడే రంగు మళ్లీ కరగదు మరి.

అసలు పనంతా రంగుకు ముందే. ఏళ్లనాటి జిడ్డు వదిలించి, తుప్పు గీకి, ఆ రోజే ప్రైమర్ వేశారు. వానాకాలం తేమలో వద్దని పెయింటర్ మమ్మల్ని ఆపడం చాలా మంచిదైంది.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు (ఇంజిన్ నుంచి వేడి పొగ బయటికొచ్చే గొట్టాలకు) మాత్రం 600 డిగ్రీల దాకా తట్టుకునే సిలికాన్ రంగు వేరేగా. బ్రేక్ ఆయిల్ పడితే 2కె కూడా పొంగొచ్చు, వెంటనే నీళ్లతో కడగండి. హార్డెనర్‌లోని ఐసోసయనేట్ అనే రసాయనం ఊపిరితిత్తులకు ప్రమాదం. మామూలు గుడ్డ మాస్కు చాలదు. దయచేసి సరైన రెస్పిరేటర్ లేకుండా ఎవరిచేతా కొట్టించకండి.