తెరేసమ్మ రాసింది ఆత్మకథా, వాంగ్మూలమా?

పాతకాగితం:
పదహారో శతాబ్దపు స్పెయిన్ మఠకన్య, పునీతురాలు అవిలాపురి తెరేసమ్మ తన గురించి రాసుకున్న ‘జీవితం’ అనే పుస్తకం నాకు ఆత్మకథలా కాదు, వాంగ్మూలంలా కనిపిస్తుంది. పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) వినే గురువులు రాయమంటే రాసింది. ఆమెకు కలిగే దర్శనాలు దేవుడివా, సైతానువా అన్నది వాళ్లు తేల్చుకోవాలి. ఇప్పుడు మనం చదివే రూపం 1565 నాటిది. అప్పటికి 19 ఏళ్ల క్రితమే కోర్దోబాలో జనం పునీతురాలిగా కొలిచిన మగ్దలేనా దె లా క్రూజ్ అనే మఠకన్యను సైతానుతో పొత్తు పెట్టుకుందని ఇంక్విజిషన్ (మతద్రోహాన్ని విచారించే చర్చి న్యాయస్థానం) శిక్షించింది. తెరేసమ్మ తాతగారు యూదు మతం నుంచి వచ్చినవాడు. ఆయనకూ 1485లో తోలేదోలో ఇంక్విజిషన్ ప్రాయశ్చిత్తం విధించింది. ఇంత వెనక పెట్టుకున్న మనిషి ‘నేనేమీ తెలియని ఆడదాన్ని’ అని పదే పదే అంటే, అది వినయం కాదు, వకీలు బుర్ర.

జపమాల:
ఏటా అక్టోబర్ 15న ఆవిడ పండగ చేసుకునే ఇల్లు మాది. ‘వకీలు బుర్ర’ గుచ్చుకుంది. ‘నేను పాపిని’ అనుకోవడం మా ప్రార్థనలో రోజూ ఉండేదే. అది ఎత్తుగడ అయితే ఆదివారం పూజకొచ్చే వాళ్లంతా లాయర్లే! క్రీస్తు దర్శనమిస్తే సైతాననుకుని, వేళ్ల సందున బొటనవేలు దూర్చి చూపించి ఛీకొట్టమన్నారు గురువులు. ప్రాణం విలవిల్లాడుతున్నా, క్షమించమని ఆయన్నే వేడుకుంటూ చేసింది. ఇందులో ప్లాన్ ఎక్కడుందండీ?

నాపరాయి:
చేసింది, సరే. చేశానని రాసింది కూడా కదా, అదీ ఆ గురువులే చదివే కాగితాల మీద! ‘విధేయత చూపి మంచి పనే చేశావు, నిజం వాళ్లకు తెలిసేలా నేను చూస్తాను’ అని క్రీస్తు తనతో అన్నాడనీ రాసింది. ఆజ్ఞ పాటించినట్టూ అయింది, ఆజ్ఞ ఇచ్చినవాళ్లు పొరబడ్డారని చెప్పినట్టూ అయింది. అరకొర చదువుల గురువుల వల్ల తన ఆత్మకు కీడు జరిగిందని ఇంకోచోట అంటుంది. సైతాను కంటే, సైతానంటే వణికిపోయే వాళ్లంటేనే తనకు ఎక్కువ భయమట. (ఈ మాట చదివి నేను గట్టిగా నవ్వాను.)

అసలు వకీలు కావాలంటే మెక్సికో వెళ్లండి. ఒక బిషప్పు మఠకన్య పేరు పెట్టుకుని, ఈ చదువులు తగ్గించి దైవచింతన పెంచుకోమని అక్కడి మఠకన్య, కవయిత్రి సోర్ జువానాకు ఉత్తరం రాశాడు. 1691లో ఆమె ఇచ్చిన జవాబులో చిన్నప్పటి చదువుల నుంచి వంటింటి ప్రయోగాల దాకా ఉన్నాయి. అరిస్టాటిల్ వంట చేసి ఉంటే ఇంకా ఎక్కువ రాసేవాడని చురక కూడా. అక్కడ జవాబు అడిగినవాడే ముసుగులో ఉన్నాడు కాబట్టి ఆమెకు ఆ చనువు దొరికింది. తెరేసమ్మకు అది లేదు.

పాతకాగితం:
జపమాల గారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆమె నమ్మకం మీద నాకు అనుమానం లేదు. కానీ నమ్మకం ఉంటే సరిపోలేదు కదండీ. 1575లో ఇంక్విజిషన్ కోసం తెరేసమ్మ రాతప్రతి చదివిన వేదాంత పండితుడు దొమింగో బాన్యెజ్ ఆమెలో మోసం లేదన్నాడు, అయినా అందరికీ చూపించదగ్గది కాదన్నాడు. అచ్చయింది 1588లో, ఆమె పోయిన ఆరేళ్లకు. వాంగ్మూలం అన్నది మాత్రం వదలను.

జపమాల:
వాంగ్మూలం అనండి, ముద్దాయి అనండి, ఒప్పుకుంటాను. లాయరు అనకండి. నాపరాయి గారూ, ఆ సైతాను మాట ఏ అధ్యాయంలో ఉంది?

నాపరాయి:
25.